ఎంతక్క గొంతు పోయిన రోజు

ఆమె ఒకే ఒక్క మాటకి జీతం తీసుకునేది.

ఆ మాట "ఎంత?"

దేశపు కేంద్ర బ్యాంకులో రెండో అంతస్తు. పొడవాటి గది. గోడకి ఒక తెర, తెర మీద డాలరు ధర. తెరకి ఎదురుగా ఆమె బల్ల, బల్ల మీద ఫోను. పైనుంచి కబురు వచ్చినప్పుడు ఆమె ఫోను ఎత్తి ఏదో ఒక పెద్ద బ్యాంకుకి చేసేది. అవతల డాలర్లు కొనీ అమ్మీ బతికే డీలరు ఎత్తేవాడు. ఆమె పలకరించేది కాదు. తానెవరో చెప్పేది కాదు. "ఎంత?" అనేది. అతను ఆ నిమిషానికి డాలరు ధరెంతో చెప్పేవాడు. ఆమె ఫోను పెట్టేసేది. కొనేది లేదు, అమ్మేది లేదు.

అవతలి గదిలో మాత్రం కుర్చీలు వెనక్కి జరిగేవి. ఎంతక్క అడిగింది. అంటే కేంద్ర బ్యాంకు చూస్తోంది. చూస్తోందంటే నేడో రేపో చెయ్యి పెడుతుంది. ఆ చెయ్యి మన మీద పడకముందే తప్పుకుందాం. ధర ఇంకా ఎక్కుతుందని డాలర్లు పట్టుకు కూర్చున్నవాళ్ళు వదిలేసేవాళ్ళు. ధర కాస్త దిగేది. ఖజానాలోంచి ఒక్క డాలరు కూడా కదిలేది కాదు. పై అంతస్తువాళ్ళకి ఆమె గొంతంటే అంత ముద్దు అందుకే.

ఎంతక్క అన్న పేరు డీలర్లు పెట్టింది. ఆమె ఆ పేరుని ఎప్పుడూ ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు.

ఆ గొంతు తండ్రిది. ఆయన బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేవాడు. చిన్నప్పుడు ఆమె బడి నుంచి నేరుగా ఆ గదికే వచ్చేది. ఆయన బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునేది. తల మీద తండ్రి గొంతు, చుట్టూ డీజిలు వాసన. ఒక వానాకాలం వంతెన కొట్టుకుపోయి సగం బస్సులు నిలిచిపోయాయి. బయట జనం కౌంటరు మీద పడి కొట్టుకుంటున్నారు. ఆయన మంచినీళ్ళు తాగి, మైకు నొక్కి, ఆ వైపు బస్సులు ఈరోజు రావని చెప్పాడు. బస్సు ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని రోజూ ఎలా చెప్పేవాడో అలాగే. రెండోసారి చెప్పేసరికి జనం సంచుల మీద కూర్చున్నారు.

"బస్సు రాకపోయినా ఫర్వాలేదే" అన్నాడు కూతురితో. "గొంతు కంగారు పడకూడదు. మనం చెంచాడు కంగారు ఇస్తే వాళ్ళు బిందెడు చేసి తిరిగిస్తారు."

ఆమె కామర్సు చదివింది. పరీక్ష రాసి కేంద్ర బ్యాంకులో గుమాస్తాగా చేరింది. ఒకరోజు ధర కనుక్కునే మనిషి సెలవు పెడితే ఫోను ఆమె చేతికి ఇచ్చారు. ఆమె బస్టాండు గొంతుతో "ఎంత?" అంది. పక్క బల్ల దగ్గర ఉన్న అధికారి కాగితాల్లోంచి తల ఎత్తాడు. ఆ తర్వాత ఆ కుర్చీ మారలేదు.

ఇంట్లోనూ అదే గొంతు. కూరగాయలవాడు ఆమె "ఎంత?" అంటే ముందు ఒక ధర చెప్పి, ఆమె ఊరికే చూస్తూ నిలబడితే తానే తగ్గించేవాడు. భర్తకి కళ్ళజోళ్ళ దుకాణం. ఫ్రేములు బయటి దేశం నుంచి వచ్చేవి. డాలరు ఎక్కితే ఆయనకి బరువు.

"ఈ వారం తెప్పించనా, ఆగనా?" అని అన్నం దగ్గర అడిగేవాడు.

ఆమె మంచినీళ్ళు పోసేది.

"నీళ్ళు నిండుగా పోశావు. తెప్పించమనా?"

"దాహం వేస్తుందని పోశాను."

"ఇంట్లో కేంద్ర బ్యాంకుని పెట్టుకుని బజారు మనిషిలా నష్టపోతున్నానమ్మా" అనేవాడు తల్లితో. అత్తగారు నవ్వేది. "నీకు చెప్పకపోతే పోయె, నాకూ చెప్పదు. దీని కడుపులో పడిన మాట మళ్ళీ వెలుగు చూడదురా."

ఆ ఏడాది తగువు వచ్చింది. మన బట్టలూ చెప్పులూ అందరికంటే ఎక్కువగా కొనే దేశం ఒకటుంది. అది మన సరుకు మీద సుంకం వేసింది. మన ప్రభుత్వం వాళ్ళ సరుకు మీద వేసింది. వాళ్ళు మళ్ళీ వేశారు.

అప్పటినుంచి డాలరు మెల్లగా ఎక్కుతోంది. అంటే మన డబ్బు మెల్లగా దిగుతోంది. ప్రభుత్వానికి అది మరీ అంత చేదుగా ఏమీ లేదు. మన డబ్బు చవకైతే మన చెప్పులు అక్కడ చవకవుతాయి. సుంకం దెబ్బ కొంత తగ్గుతుంది. కాకపోతే ఆ సంగతి పైకి అనకూడదు. కావాలనే దించుతున్నారని అవతలివాళ్ళు పట్టుకుంటే ఇంకో సుంకం పడుతుంది. అలాగని ఒక్కసారిగా పడిపోనివ్వకూడదు. పడితే పెట్రోలు, మందులు, మిషన్ల విడిభాగాలు అన్నీ మండుతాయి. జనం ఉన్న డబ్బంతా డాలర్లలోకి మార్చుకోవడానికి పరిగెత్తుతారు. మెట్లు దిగినట్టు దిగాలి, జారిపడకూడదు. మంత్రి గారు టీవీలో "ధర సంగతి మార్కెట్టే చూసుకుంటుంది" అనేవారు. ఆ వెంటనే రెండో అంతస్తులో ఎంతక్క ఫోను ఎత్తేది.

డాలరు నలభై దాటితే జారిపడినట్టే అని అందరి మనసులోనూ ఉంది. ఆ శుక్రవారం ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగింది.

ఆదివారం కూతురి వాలీబాల్ పోటీ. చివరి ఆట.

"అందరి అమ్మలూ అరుస్తారు" అంది కూతురు, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. "నువ్వు మాత్రం డాక్టరు లోపలికి పిలుస్తాడేమోనని చూస్తున్నట్టు కూర్చుంటావు. నువ్వు రాకపోయినా ఫర్వాలేదులే."

ఎంతక్క వెళ్ళింది. సిమెంటు మెట్ల మీద కూర్చుంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. ఆట చెరో గెలుపుతో సమానమైంది. ఆఖరి భాగంలో కూతురి జట్టు ఒక్క పాయింటు వెనక ఉంది. ఈ బంతి పోతే ఆట పోయినట్టే.

అవతలివాళ్ళు కొట్టారు. కూతురు నేల మీదికి దూకి లేపింది. బంతి వల దాటింది. మళ్ళీ కొట్టారు. కూతురు ఇంకా నేల మీదే ఉంది, ఒక చెయ్యి చాపి లేపింది. మళ్ళీ కొట్టారు.

"లేవే" అని ఎవరో అరిచారు. "లేవే తల్లీ, లే, లే, ఎడమకి."

ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చేతిసంచి రెండు మెట్ల కింద పడి ఉంది. ఎంతక్క నిలబడి ఉంది. నోరు తెరిచే ఉంది. బస్టాండులో పెరిగిన ఆ గొంతులో ఇంత చప్పుడు ఉందని ఆమెకే తెలియదు. పిల్ల లేచింది, ఎడమకి పరిగెత్తింది, అందుకుంది. బంతి అటు పోయింది, ఇటు వచ్చింది, అటు పోయింది. అటు పోయినప్పుడూ ఇటు వచ్చినప్పుడూ ఆమె అరుస్తూనే ఉంది. ఆఖరికి బంతి గీతకి లోపల, పిల్ల వేళ్ళకి అంగుళం అవతల పడింది.

ఓడిపోయారు.

కూతురు మోకాలు గీరుకుపోయి, ఒళ్ళంతా దుమ్ముతో పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఆ అరుపులు నీవేనా? నిజంగా?" ఓడిపోయిన పిల్ల మొహం అంత వెలిగిపోవడం కోచ్‌కి నచ్చలేదు.

ఇంటికి వచ్చేసరికి టీవీలో గోల. అవతలి దేశం మూడోసారి సుంకం వేసింది. తెర మీద కేంద్ర బ్యాంకు భవనం. మూడో అంతస్తు కిటికీల్లో దీపాలు. అత్యవసర సమావేశం జరుగుతోందనీ, డాలర్ల నిల్వ అడుగంటిందేమోననీ వార్తలు చదివే ఆయన ఊపిరాడకుండా చెబుతున్నాడు.

"మీవాళ్ళంతా అక్కడే ఉన్నారట. నిన్ను పిలవలేదా?" అంది అత్తగారు.

ఎంతక్కకి నవ్వొచ్చింది. మూడో అంతస్తులో గోడలకి రంగులు వేస్తున్నారు. ఆదివారమైతే మనుషులు అడ్డుండరని రంగులవాళ్ళకి తాళాలు ఇచ్చారు. ఆమె నవ్వింది.

నవ్వుకి చప్పుడు రాలేదు.

ఇంకోసారి ప్రయత్నించింది. అత్తగారు టీవీ తగ్గించి ఆమె వైపు తిరిగింది. "ఏం గొంతే అది? రంపం మింగావా?"

ఉప్పునీళ్ళు పుక్కిలించింది. తేనె నాకింది. పొద్దున లేచి అద్దం ముందు "ఎంత?" అంది. తలుపు బందు కీచుమన్నట్టు ఏదో వచ్చింది తప్ప మాట రాలేదు.

ఆఫీసులో ఆమె పై అధికారిని గొడుగు సారు అంటారు. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గొడుగుతో వచ్చే మనిషి. ఆ సోమవారం గొడుగు పక్కన పెట్టకుండానే తెర వైపు నడిచాడు. ముప్ఫై తొమ్మిదిన్నర.

"మొదలుపెట్టండి. ముందు నిమ్మకాయకి చెయ్యండి" అన్నాడు.

నిమ్మకాయ అంటే అందరికంటే పెద్ద ప్రైవేటు బ్యాంకు డీలరు. ఏం మాట్లాడినా పుల్లగా ఉంటుందని ఆ పేరు. అతను ఏ వైపు దూకితే మిగతావాళ్ళు ఆ వైపు దూకుతారు.

"గొంతు పోయింది సార్" అంది ఎంతక్క. మొదటి మాటే వినిపించింది. చాలింది.

"జలుబా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి?"

"అరిచాను."

"మీరా?" ఆయన చుట్టూ చూశాడు. "ఎవరి మీద?"

"మా అమ్మాయి ఆట, సార్. నిన్న."

గొడుగు సారు కుర్చీలో కూలబడ్డాడు. "ఈ గొంతుతో అడిగితే ఏమవుతుందో తెలుసా? రాత్రంతా ఇక్కడ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నాం అనుకుంటారు. ఉన్నదంతా ఊడ్చుకుపోయింది, ఎంతక్క ఏడుస్తోంది అనుకుంటారు. మీరు ఫోను ముట్టుకోవద్దు."

పోయిన నెల చేరిన కొత్తమ్మాయి పక్క బల్ల నుంచి అంది. "సమావేశమేదీ జరగలేదని గవర్నరు గారు టీవీలో చెప్పొచ్చు కదా సార్?"

"జరగలేదు అంటే జరిగిందనే ఖాయం చేసుకుంటారు."

"పోనీ, ధర పడకుండా ఆపుతామని?"

"ఆపగలరా, అయితే ఇన్నాళ్ళూ కావాలనే వదిలారన్నమాట అని అవతలి దేశం మెడ పట్టుకుంటుందమ్మా."

"పోనీ మన దగ్గరున్న డాలర్లు అమ్మితే?"

"అమ్మడం మొదలుపెట్టిన మరుక్షణం ఇంకా ఎంత మిగిలిందో లెక్కలు కడతారు. అయిపోయేలోగా కొనుక్కుందామని ఎగబడతారు." ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. "నీ గొంతు బాగానే ఉందిగా. నువ్వు చెయ్యి." ఎంతక్క వైపు తిరక్కుండానే, "ఈమెతో పని జరిగితే ఆ కుర్చీ రేపటినుంచి ఈమెదే. గొంతు కాపాడుకోలేని మనిషికి పాత కాగితాల గది ఉంది" అన్నాడు.

పాత కాగితాల గదిలో ఫోను లేదు. కిటికీ కూడా లేదు. ఎంతక్క తన కుర్చీ చేతులు పట్టుకుంది.

కొత్తమ్మాయి ఫోను తీసుకుంది. మాట చక్కగానే వచ్చింది. "ఎంత?"

అవతల నిమ్మకాయ స్పీకరులో పలికాడు. "ఎవరు కావాలమ్మా?"

"ఎంత?" అంది మళ్ళీ.

"కిలోనా, డజనా?" వెనక నలుగురు నవ్వారు. వెంటనే అతని గొంతు మారింది. "ఒక్క నిమిషం. అక్కేది? అక్కని తీసేశారా?"

కొత్తమ్మాయి భయపడి పెట్టేసింది. పెట్టకుండా ఉండాల్సింది. ఎంతక్కని తీసేశారన్న మాట గదుల్లోంచి గదుల్లోకి పాకింది. రాత్రి సమావేశంలో గొడవపడి ఆమె వెళ్ళిపోయిందని ఒకళ్ళు, పంపేశారని ఒకళ్ళు. తెర మీద అంకె ఊగింది. ముప్ఫై తొమ్మిదీ డెబ్బై. డెబ్బై అయిదు. ఎనభై.

అప్పుడే మంత్రిత్వశాఖ నుంచి గొడుగు సారుకి ఫోను. ఆయన నిలబడి "అవునండి, లేదండి, చూస్తున్నామండి" అంటున్నాడు. ఆ చెవిలో మంత్రి గారి మనిషి, ఎదురుగా తెర.

ఎంతక్క తన ఫోను ఎత్తింది.

గొడుగు సారు చూశాడు. ఒద్దొద్దని చెయ్యి ఊపాడు. గొడుగు తీసి ఊపాడు. నోరు తెరిస్తే మంత్రిత్వశాఖకి వినబడుతుంది. అందుకని తెరిచి, మూశాడు.

"ఎంత?" అంది ఎంతక్క. బందు కీచుమంది.

"ఎవరూ?"

"నేనే."

ఆ కుర్చీలో కూర్చున్నాక ఆమె ఫోనులో ఇంకో మాట అనడం అదే మొదలు.

"అక్కా?" అన్నాడు నిమ్మకాయ. పులుపంతా పోయింది. "ఏడుస్తున్నారా?"

అతని వెనక గది నిశ్శబ్దమైపోవడం ఆమెకి వినిపించింది. అందరూ వింటున్నారు. పెట్టేస్తే ఏడ్చినట్టే. ధర అడిగి ఊరుకున్నా ఏడ్చినట్టే. తెర మీద ఎనభై అయిదు. తండ్రి మైకు నొక్కేముందు నీళ్ళు తాగేవాడు. ఆమె గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది. ఆ గుటక కూడా వాళ్ళు విన్నారు.

"లేదు" అంది. "నిన్న మా అమ్మాయి వాలీబాల్ ఆట. అరిచి అరిచి గొంతు పోయింది. ఎంత?"



"నిన్నా?" అన్నాడు నిమ్మకాయ. "నిన్న సాయంత్రమా?"

"ఎంత?"

అతను ధర చెప్పలేదు. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, సరిగ్గా పెట్టుకోలేదు. "ఒరేయ్, నిన్న వీళ్ళు వాలీబాల్ చూడ్డానికి వెళ్ళారట్రా." ఎవడో పగలబడి నవ్వాడు. ఇంకొకడు అందుకున్నాడు. "సమావేశమన్నారు, దీపాలన్నారు." "ఎంతక్క అరిచిందిట్రా. ఎంతక్క." గదంతా నవ్వు. ఆ నవ్వులోంచే ఒక గొంతు, "అమ్మెయ్, డాలర్లు అమ్మెయ్, ఉన్నవన్నీ వదిలించుకో" అంది.

"ముప్ఫై తొమ్మిదీ ఎనభై" అన్నాడు నిమ్మకాయ. "కాదు, డెబ్బై. ఆగండక్కా, అరవై అయిదు. మాట్లాడుతుండగానే దిగిపోతోంది. గెలిచారా?"

ఆమె ఫోను పెట్టేసింది.

రెండో బ్యాంకుకి చేసింది. మూడోదానికి చేసింది. నాలుగోవాడు ఆమె నోరు తెరవకముందే "గొంతెలా ఉంది మేడం?" అన్నాడు. ఆమె "ఎంత?" అంది. ఆ కీచు మాటకి వాళ్ళ గదిలో చప్పట్లు వినిపించాయి. కొత్తమ్మాయి లేచి నిలబడి తెర మీద అంకెల్ని పైకి చదువుతోంది. అరవై. నలభై అయిదు. ముప్ఫై. తనకే తెలియకుండా ఆ అమ్మాయి గొంతు మైదానంలో పిల్లల గొంతులా లేచింది. గొడుగు సారు మంత్రిత్వశాఖవాళ్ళతో "దిగుతోందండి, ఇంకా దిగుతోందండి" అంటూ గొడుగుతో గాలిలో మెట్లు గీస్తున్నాడు.

మార్కెట్టు మూసేవేళకి డాలరు శుక్రవారం కంటే కిందికి వచ్చింది. మంత్రిత్వశాఖ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి గొంతు వేరు. అంత కిందికి ఎందుకు తెచ్చారు, చెప్పులవాళ్ళు ఇక్కడికొచ్చి లబోదిబోమంటున్నారు, కాస్త పైన ఆపాల్సింది అన్నారు.

గొడుగు సారు ఫోను పెట్టి ఎంతక్క బల్ల దగ్గరికి వచ్చాడు.

"ధర తప్ప ఇంకో మాట అనకూడదని మీకు తెలుసు."

ఆమె తలూపింది.

"ఎన్ని మాటలన్నారు?"

ఆమె చేతులు చూపించింది, లెక్కపెట్టలేదన్నట్టు. ఆయన గొడుగు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచాడు. "కుర్చీ సంగతి అన్నాను కదా, అది మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. కాస్త ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "గెలిచారా?"

"ఓడిపోయారు సార్."

గొడుగు సారు తెర వైపు ఒకసారి చూసి, తలుపు వైపు చూసి, "ఆ మాట ఈ గది దాటకూడదు" అన్నాడు.

తర్వాతి ఆదివారం ఆట లేదు. ఎంతక్క గొంతు పూర్తిగా కోలుకుంది. సోమవారం పొద్దున పై నుంచి కబురు వచ్చింది. ఆమె ఫోను ఎత్తి, ఆ పాత బస్టాండు గొంతుతో, నున్నగా, "ఎంత?" అంది.

అవతల నిమ్మకాయ తన గదిలోవాళ్ళని ఊరుకోమన్నాడు.

"ఎంత?"

"నిన్న ఆటకి వెళ్ళలేదా అక్కా?" అన్నాడు మెల్లగా. "ఎందుకు వెళ్ళలేదు? ఆఫీసుకి గానీ రమ్మన్నారా?"

ఆమె ఫోను పెట్టేసి తెర వైపు చూసింది. అంకె ఊగింది, ఒక మెట్టు పైకి ఎక్కింది, ఇంకో మెట్టు ఎక్కింది. గొడుగు సారు కూడా చూశాడు. బల్ల వెనక నుంచి లేచి, దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మాయికి మళ్ళీ ఆట ఎప్పుడండీ?"

ఆ సాయంత్రం కూతురు అడిగింది, బూట్ల మట్టి దులుపుతూ. "అమ్మా, వచ్చే ఆదివారం స్నేహపూర్వక ఆట పెట్టారు. మీ ఆఫీసువాళ్ళెవరో మా కోచ్‌కి ఫోను చేసి మరీ అడిగారట. వస్తావా?"

"వస్తాను" అంది ఎంతక్క.

"అరుస్తావా?"

"అరవాలిట."

భర్త అన్నం కలుపుతున్నవాడు ఆగి ఆమె మొహంలోకి చూశాడు. "అంటే ఫ్రేములు ఇప్పుడు తెప్పించనా, సోమవారం దాకా ఆగనా?"

ఆమె మంచినీళ్ళు పోసింది.